మనవాడే కదా!

ఈలమ్మకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది జనం నోళ్ళలో నలిగిన పేరు కాదు. మెళ్ళో ఎర్ర తాడుకు ఈల, కాళ్ళకు రబ్బరు చెప్పులు, ఎండకు రంగు వెలిసిన టోపీ. ఆమె ఈల వేసిందంటే నీళ్ళలో ఉన్న పిల్లలే కాదు, గేటు బయట సైకిల్ మీద పోయేవాళ్ళు కూడా ఠక్కున బ్రేకు వేస్తారని ఆమె భర్త వేళాకోళం చేసేవాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "నా బస్సు హారన్ పాడైన రోజున నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటానే" అనేవాడు.

ఆమె పనిచేసేది ఒక క్లబ్బువాళ్ళ ఈత కొలనులో. పెద్దవాళ్ళది పక్కన వేరే ఉంది. పిల్లల కొలను మాత్రం ఈలమ్మ ఏలుబడి. అక్కడ ఆమె పోట్లాడి నిలబెట్టిన నియమం ఒకటుంది. పిల్లల వైపు అడుగు పెట్టి పనిచేసేవాళ్ళు కోచ్ అయినా సరే, నేల తుడిచే మనిషయినా సరే, ముందు పోలీసులకు వేలిముద్రలిచ్చి, తమ మీద పాత కేసులేవీ లేవని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అది చట్టంలో ఉన్నదే. చాలా చోట్ల దాన్ని అటకెక్కించేశారు, అంతే. ఈలమ్మ దానికి ఇంకొకటి తగిలించింది. మనిషి అంతకుముందు పనిచేసిన ప్రతి చోటికీ తానే ఫోన్ చేసి మాట్లాడుతుంది. ఆ మాట పూర్తయ్యాకే గేటు తీస్తుంది.

ఈ పద్ధతి పెట్టిన కొత్తలో నీళ్ళ మోటారు చూసే ముసలాయన, అందరూ పంపు తాత అంటారు, "ఇన్నేళ్ళు నీళ్ళు పట్టాక నన్ను దొంగని చేస్తావా తల్లీ?" అని అలిగి మోటారు గదిలో కూర్చున్నాడు. ఈలమ్మ ఆయన్ని బతిమాలలేదు. రెక్క పట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళి, ముందు తన వేళ్ళకే సిరా పూయించుకుంది. "చూశావుగా, మొదటి దొంగని నేను. ఇక నువ్వు రా" అంది. అక్కడున్న కానిస్టేబుళ్ళతో పాటు తాత కూడా బోసినోటితో నవ్వాడు.

వేసవి సెలవులు దగ్గర పడుతుండగా పిల్లల కోచ్ ఒకడు వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. సరిగ్గా ఆ వారమే ఈలమ్మ ఆడపడుచు కొడుకును వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ కుర్రాణ్ణి ఇంట్లో అందరూ చేప అంటారు. ఆ పేరు పెట్టింది ఈలమ్మే. చిన్నప్పుడు వాణ్ణి కొలనులో దింపితే ఒడ్డుకు రమ్మన్నా వచ్చేవాడు కాదు. ఆమె దగ్గరే ఈత నేర్చి, పోటీలకెళ్ళి, పతకాలు తెచ్చాడు. క్లబ్బు ఆఫీసు గోడకు వాడి ఫోటో కూడా ఉంది. ఆ తర్వాత రెండు మూడు ఊళ్ళలో కోచ్‌గా పనిచేశాడు. ఇప్పుడు ముప్పయ్యేళ్ళ నిండు మనిషి. గుమ్మంలోకి వస్తూనే ఈలమ్మను అమాంతం పైకెత్తి గిర్రున తిప్పాడు.

"దింపరా వెధవా, నడుం విరుగుతుంది!" అని అరిచింది గానీ, ఆమె మొహమంతా సంతోషమే.

"అక్కడ నాకు పడలేదత్తా. వచ్చేశా. మీ దగ్గర ఖాళీ ఉందటగా, రేపణ్ణించి వచ్చేయనా?"

"రారా, నాక్కావలసిందీ అదే. వచ్చే ముందు స్టేషన్‌కెళ్ళి వేలిముద్రలిచ్చిరా. పనిచేసిన చోట్ల ఫోన్ నంబర్లు నాకివ్వు."

ఈలమ్మ భర్త తల దించుకుని వాచీ చూసుకున్నాడు. ఆడపడుచు తేరుకుని, "అదేంటి వదినా, వీడు మనవాడే కదా!" అంది.

"మనవాడు కాబట్టే అడుగుతున్నా. పంపు తాతని అడిగి వీణ్ణి అడక్కపోతే దాన్ని రూల్ అనరమ్మాయ్, చుట్టరికం అంటారు."

"నీ చేతుల్లో పెరిగినవాణ్ణి నువ్వే పోలీస్ స్టేషన్‌కి పంపుతావా?"

"నేనే వెళ్ళొచ్చా కదా. అక్కడేం కొరకరు."

చేప నవ్వేశాడు. "అమ్మా, వదిలెయ్. అత్త మాటంటే మాటే. తెస్తాలే అత్తా."

తెచ్చాడు కూడా. ధ్రువపత్రం మల్లెపువ్వులా ఉంది. ఏ కేసూ లేదు, ఏ మచ్చా లేదు. దానితో పాటు చివరిగా పనిచేసిన చోటునుంచి ఒక ఉత్తరం కూడా ఇచ్చాడు. అందులో వాణ్ణి ఆకాశానికెత్తేశారు. అంతకుముందు పనిచేసిన ఊరి నంబరు ఇచ్చాడు గానీ, ఈ చివరి చోటు నంబరు ఇవ్వలేదు.

"అక్కడ ఇప్పుడందరూ కొత్తవాళ్ళత్తా, నన్నెవరూ ఎరగరు. ఉత్తరం ఉందిగా" అన్నాడు.

క్లబ్బు కార్యదర్శి అయితే ఎగిరి గంతేశాడు. పతకాల కోచ్ వస్తున్నాడని గేటు పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించేశాడు. సెలవుల శిక్షణకు తల్లిదండ్రులు క్యూ కట్టారు. "మేడమ్, సోమవారం నుంచి దింపేద్దాం" అన్నాడు.

"ఒక్క ఫోన్ మిగిలింది సార్" అంది ఈలమ్మ.

"ఇంకా ఫోనేంటి మేడమ్? మీ మేనల్లుడే కదా!"

ఈ మాట విన్న ప్రతిసారీ ఆమెకు చిరాకు పెరుగుతోంది. అయినా తన మనసులో కూడా అదే మాట నక్కి ఉందని ఆమెకు తెలుసు. ఎందుకు చేయడం, ఏముంటుందని? వాణ్ణి నేనెరగనా? అలా అనిపిస్తోంది గనకే, వాయిదా వేయకుండా ఆ మధ్యాహ్నమే ఆ ఊరి కొలను నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేసింది.

ఎత్తింది అక్కడి మేనేజరమ్మ. కొత్త మనిషేం కాదు, ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉందట. చేప పేరు వినగానే గొంతు జాగ్రత్త పడింది.

"మేం చెప్పాల్సింది ఉత్తరంలో రాశామండీ."

"చదివానమ్మా, చాలా బాగా రాశారు. ఒక్క సంగతి అడుగుతా, చెప్పండి చాలు. ఇతను రేపు మీ గేటు ముందు నిలబడి ఉద్యోగం అడిగితే, మళ్ళీ పిల్లల దగ్గరికి రానిస్తారా?"

అటువైపు నుంచి నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు, పిల్లల కేరింతలు, ఎవరో అంకెలు లెక్కపెట్టిస్తున్న గొంతు మాత్రం వినిపించాయి. ఈలమ్మ ఫోన్ చెవికి నొక్కిపట్టుకుని నిలబడింది.

"నాకు పనుందండీ" అని మేనేజరమ్మ పెట్టేసింది.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే భర్త కొట్టిపారేశాడు. "ఏదో పనిలో ఉండి ఉంటుంది. ఫోన్ పెట్టేస్తే నేరమా?"

"రానిస్తాం అనడానికి ఎంతసేపు పడుతుందండీ? మంచి కండక్టరు గురించి ఎవరైనా అడిగితే మీరు తడుముకుంటారా?"

ఆయన లేచి వెళ్ళి గోడ మీది క్యాలెండరు చూశాడు. "ఎల్లుండి నాకు సెలవు. వెళ్ళి అడిగొద్దాం. లేకపోతే నువ్వు నిద్రపోవు, నన్ను పోనివ్వవు" అన్నాడు.

బస్సులో వెళ్ళారు. ఆయన ప్రయాణికుడిగా కూర్చుని కూడా మలుపు వచ్చినప్పుడల్లా కాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. మామూలుగా అయితే ఈలమ్మ నవ్వేది.

మేనేజరమ్మ సన్నగా, నెరిసిన జుట్టుతో, కళ్ళ కింద నల్లటి చారలతో ఉంది. వీళ్ళెవరో చెప్పగానే ఆఫీసులో మాట్లాడలేనంటూ క్లోరిన్ డబ్బాలు పేర్చిన గదిలోకి తీసుకెళ్ళింది. ఆ ఘాటుకు కళ్ళు మండాయి. ఆమె ఏడ్చిందో, ఘాటుకు నీళ్ళు కారాయో ఈలమ్మకు తెలియలేదు.

మెల్లగా చెప్పింది. అందరూ వెళ్ళిపోయాక చేప కొందరు ఆడపిల్లల్ని అదనపు శిక్షణ అంటూ ఆపేసేవాడు. తన కారులో ఇంటి దగ్గర దింపేవాడు. పెద్ద మనసు అనుకున్నారు అందరూ. తర్వాత వాళ్ళకు ఫోన్‌లో మెసేజీలు మొదలయ్యాయి. ఇంట్లో చెప్పొద్దు, ఇది నీకూ నాకూ మధ్య ఉండాలి అని. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి ఉన్నట్టుండి కొలనుకు రావడం మానేసింది. నీళ్ళంటే ప్రాణం పెట్టే పిల్ల. తల్లి ఫోన్ తెరిచి చూసింది. అప్పుడు ఆ పిల్ల నోరు విప్పింది. మెసేజీలతో ఆగలేదని అప్పుడు తెలిసింది. ఇంకో ఇంట్లోనూ ఇదే కథ.

"కన్నవాళ్ళు పోలీసులు వద్దన్నారు. పిల్ల పేరు నలుగురిలో పడుతుందని భయం. మా ప్రెసిడెంటు గారు అతన్ని పిలిచి, రాజీనామా ఇచ్చి వెళ్ళిపో, మంచి ఉత్తరం ఇస్తామన్నారు. నన్ను రాయమన్నారు, రాశాను. అందరికీ మంచిదనుకున్నాం."

"అందరికీ అంటే ఎవరికమ్మా?" ఈలమ్మ గొంతు పెద్దదైంది. "ఆ పిల్లకా? మా ఊరి పిల్లలకా? ఆ ఉత్తరం చేత్తో పట్టుకునే వాడు మా గేటు దాకా వచ్చాడు. ఫ్లెక్సీ కట్టి మరీ ఎదురు చూస్తున్నాం!"

మేనేజరమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీరు ఫోన్‌లో అలా అడుగుతారని నేననుకోలేదు. ఎవరూ అడగరు."

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న ఈలమ్మ భర్త బయటికి వెళ్ళి మెట్ల మీద కూలబడ్డాడు. తిరుగు ప్రయాణంలో ఊరు దగ్గరకొచ్చేదాకా ఏ మలుపులోనూ లేని బ్రేకు తొక్కలేదు. చివరికి, "వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తిప్పానే" అన్నాడు. ఈలమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళ ముందు కూడా ఆ పసివాడే ఉన్నాడు. వాడి పక్కనే, నీళ్ళకు దూరమైపోయిన ముక్కూమొహం తెలియని ఒక పిల్ల కూడా ఉంది. ఇద్దరిలో ఎవరి వైపు చూడాలన్నది ఆమెకు ప్రశ్నే కాలేదు. అందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే కార్యదర్శి గదిలోకి వెళ్ళి తలుపేసి అంతా చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది.

"సరే మేడమ్. ఉద్యోగం ఇవ్వొద్దు. ఖాళీ లేదని చెప్పి మర్యాదగా పంపేద్దాం. ఫ్లెక్సీ ఈ మధ్యాహ్నమే దింపించేస్తా."

"పంపేస్తే ఎక్కడికెళతాడు సార్?"

"ఎక్కడికో. అది మన సమస్య కాదు కదా."

"అక్కడివాళ్ళూ ఇదే అనుకున్నారు. వాళ్ళ సమస్య నడుచుకుంటూ మన దగ్గరికొచ్చింది. మనం ఇంకో ఊరికి పంపుదామా?"

కార్యదర్శి కుర్చీలో సర్దుకున్నాడు. "మన కొలనులో ఏమీ జరగలేదు. మనమెందుకు తల దూర్చడం? పైగా మీ ఇంటి మనిషి. మీ కుటుంబం పరువు గురించే చెబుతున్నా."

"నా కుటుంబం పరువు నేను చూసుకుంటాను. చట్టం ఏం చెబుతోందో చూశారా? పిల్లలకు హాని జరిగిందని తెలిసి కూడా దాచిపెడితే అది కూడా నేరమే. నిన్నటిదాకా మనిద్దరికీ తెలీదు. ఇప్పుడు నాకు తెలుసు, మీకూ తెలుసు."

"అంటే నన్ను బెదిరిస్తున్నారా?"

"పిలుస్తున్నా సార్. స్టేషన్‌కి వెళ్తున్నా, కలిసి వస్తారా అని."

ఆయనకు సరిగ్గా అప్పుడే ఎవరికో అర్జెంటుగా ఫోన్ చేయాల్సిన పని గుర్తొచ్చింది. తలుపు తీస్తున్న ఈలమ్మతో, "క్లబ్బు పేరు బయటికొస్తే మీ ఉద్యోగానికి నేను హామీ ఉండలేను" అన్నాడు.

"హామీ నేనడగలేదు" అని ఆమె వెళ్ళిపోయింది.

పిల్లల కేసులు చూసే విభాగం స్టేషన్ వెనక ఒక చిన్న ఇంట్లో ఉంది. గోడలకు లేత పసుపు రంగు, మూలన బొమ్మల బుట్ట. అధికారిణి యూనిఫారంలో లేదు, మామూలు బట్టల్లోనే ఉంది. ఈలమ్మ చెప్పుకుపోతుంటే ఆమె రాసుకుంటూ, "మీకు అతను ఏమవుతాడు?" అని అడిగింది.

"మా ఆడపడుచు కొడుకు."

కలం ఆగింది. అధికారిణి తలెత్తి చూసింది.

"ఆపారేమమ్మా? రాయండి. మేనల్లుడని రాయండి" అంది ఈలమ్మ.

అధికారిణి రాసింది. చేపను మీరేమీ నిలదీయొద్దు, ఆ పిల్లల ఇళ్ళకు వెళ్ళొద్దు, మిగతాది మేం చూసుకుంటాం అని గట్టిగా చెప్పింది. నిలదీయకుండా ఉండటమే ఈలమ్మకు అన్నిటికన్నా కష్టమైంది. "ఏంటత్తా, సోమవారం రానా వద్దా?" అని చేప ఫోన్ చేస్తే, పళ్ళు బిగబట్టి, "రావద్దు. ఇక్కడ నీకు ఉద్యోగం లేదు" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

అధికారిణి మొదట పిలిపించింది మేనేజరమ్మను. ఆమె తొలిరోజు మాట దాటవేసిందట. రెండోసారి మాత్రం తనంతట తానే వచ్చి, ఆ ఉత్తరం ఎవరు చెబితే రాసిందో, ఎందుకు రాసిందో చెప్పి సంతకం పెట్టింది. తన మీదికి కూడా వస్తుందని తెలిసే పెట్టింది. అప్పుడు ఆ పన్నెండేళ్ళ పిల్ల తల్లి కూడా కదిలింది. కోర్టులో పిల్ల అతని మొహం చూడాల్సిన పని లేదని, పేరు ఎక్కడా బయటికి రాదని అధికారిణి ఇంటికెళ్ళి కూర్చుని నచ్చజెప్పింది. బొమ్మలున్న ఆ గదిలోనే, తల్లి పక్కన కూర్చుని, పిల్ల తన మాట తాను చెప్పింది. ఇంకో కుటుంబం మాత్రం తలుపు తీయలేదు. వాళ్ళని ఎవరైనా ఒక మాటంటే ఈలమ్మ ఊరుకునేది కాదు.

చేపను అరెస్టు చేశారు.

ఆ మర్నాడు కార్యదర్శి ఈలమ్మ చేతిలో ఒక కాగితం పెట్టాడు. కొంతకాలం సెలవు తీసుకోమని క్లబ్బు కోరుతోందని దాని సారాంశం.

"నేను సెలవు అడగలేదే?" అంది.

"కమిటీ నిర్ణయం మేడమ్."

"అయితే బయట తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. నన్ను ఎందుకు ఇంటికి పంపుతున్నారో ఆ కమిటీనే వచ్చి వాళ్ళకు చెప్పమనండి. నేను పక్కనే నిలబడి వింటా."

కమిటీ నుంచి ఎవరూ రాలేదు. ఆమె కాగితం మడిచి ఆయన బల్ల మీదే పెట్టి, పొద్దుటి క్లాసుకు వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తిన వాళ్ళు లేరు.

కమిటీని ఎదుర్కోవడం ఒక ఎత్తు, ఆడపడుచును ఎదుర్కోవడం ఒక ఎత్తు. ఆమె ఆ వారమే కొలను దగ్గరికి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లుల మధ్య నుంచి తోసుకొచ్చి ఈలమ్మ ముందు నిలబడింది.

"తృప్తిగా ఉందా వదినా? నా కొడుకుని జైల్లో పెట్టించావు. సొంత మేనమామ భార్య ఎవరైనా ఇలా చేస్తుందా?"

ఈలమ్మ పిల్లలందరినీ నీళ్ళలోంచి పైకి రప్పించి, తోటి కోచ్‌కు అప్పజెప్పి, అప్పుడు తిరిగింది. "ఇక్కడొద్దు, లోపలికి రా. కూర్చుని మాట్లాడుకుందాం."

"ఎందుకు లోపలికి? అందరూ విననీ! వాడు నీ చేతుల మీద పెరగలేదా?"

"పెరిగాడు. ఆ పిల్ల కూడా ఎవరి చేతుల మీదో పెరిగిందమ్మాయ్."

"ఆ పిల్ల అబద్ధం చెబుతోంది!"

"అది నువ్వూ నేనూ తేల్చేది కాదు, కోర్టు తేలుస్తుంది. వాడు చేయలేదని తేలితే, ఈ మెట్ల మీదే, వీళ్ళందరి ముందే వాడి కాళ్ళు పట్టుకుంటాను. కానీ అడగొద్దు, చెప్పొద్దు, కడుపులో దాచుకో అంటే మాత్రం నా వల్ల కాదు. నువ్వు తల్లివి, నువ్వు ఏడుస్తావు. నేనూ ఏడుస్తున్నా. ఏడుస్తూనే చెబుతున్నా, నా మాట మారదు."

ఆడపడుచు ఆమె భుజాల మీద రెండు చేతులతో కొట్టింది. ఈలమ్మ కదలకుండా కొట్టించుకుంది. పక్కనున్నవాళ్ళు ముందుకు రాబోతే చేత్తో ఆపింది.

"నా గడప తొక్కకు ఇంక."

"తొక్కను. నీకు రావాలనిపించినప్పుడు మా తలుపు తీసే ఉంటుంది."

గేటు బయట ఈలమ్మ భర్త ఉన్నాడు. ఎవరో కబురు చెబితే డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చాడు. చెల్లెలు ఆయన్ని చూసి, "నువ్వైనా చెప్పన్నయ్యా!" అని పెద్దగా ఏడ్చింది. ఆయన ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, ఇంటి దాకా నడిపించుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

"ఏమంది?" అని అడిగింది ఈలమ్మ.

"తిట్టింది. ఏడ్చింది. మళ్ళీ తిట్టింది."

"మీరేమన్నారు?"

"నువ్వన్నదే అన్నాను. కాకపోతే నీకన్నా కాస్త నెమ్మదిగా."

కేసు ఇంకా నడుస్తోంది. చేప బెయిల్ మీద బయటికొచ్చాడు. తీర్పు వచ్చేదాకా పిల్లలుండే ఏ కొలనుకూ, ఏ బడికీ, ఏ మైదానానికీ వెళ్ళకూడదని కోర్టు ఆంక్ష పెట్టింది. ఉత్తరం రాయించిన ప్రెసిడెంటు పేరు కూడా కేసులోకి ఎక్కింది. వాయిదా ఉన్న రోజున ఈలమ్మ క్లాసు పూర్తి చేసుకుని, తడి జుట్టుతోనే కోర్టుకు వెళుతుంది. వరండాలో ఎదురెదురుగా రెండు బల్లలుంటాయి. ఒక బల్ల మీద ఆడపడుచు, ఆ వైపు చుట్టాలంతా కూర్చుంటారు. ఈలమ్మ వస్తుంటే మొహాలు తిప్పుకుంటారు. రెండో బల్ల మీద ఆ పిల్ల తల్లి ఒక్కతే ఉంటుంది. ఈలమ్మ అందరికీ కనబడేలా నడిచి వెళ్ళి, ఆమె పక్కన కూర్చుంటుంది.